ఒంటిచేతి పనితనం

తుపాకీ ఆటలు ఆడి పెరిగినవాళ్ల ఎడమచేతి చూపుడువేలికి ఒక అలవాటు ఉంటుంది. నాలుగు తూటాలు పేలాయో లేదో, ఆ వేలు తనంతట తానే కీబోర్డు మీద ‘ఆర్’ మీట నొక్కేస్తుంది. ఆర్ అంటే రీలోడ్. 2000ల తొలి ఏళ్లలో గంటకింత అని కట్టి నెట్ సెంటర్లలో కౌంటర్ స్ట్రైక్, ప్రాజెక్ట్ ఐజీఐ ఆడిన మా తరానికి అది రెప్ప వాల్చినంత సహజం. ఎదురుగా ఎవరూ లేకపోయినా, తుపాకీలో సగానికి పైగా తూటాలు మిగిలే ఉన్నా, గోడ చాటుకు చేరగానే నొక్కుతాం. కొత్త మ్యాగజైన్ లోపలికి దిగిన ఆ ‘టక్’ చప్పుడు వింటేగానీ మనసు కుదుటపడదు.

సెవర్డ్ స్టీల్ అనే ఆట ఆ వేలికి పని లేకుండా చేసింది. ఇందులో రీలోడ్ లేదు. ఎందుకు లేదంటే, మనం నడిపే పాత్రకు ఉన్నది ఒకటే చెయ్యి. తుపాకీ పట్టుకున్న చేత్తోనే ఆ తుపాకీలో తూటాలు నింపడం కుదరదు. దానికి రెండో చెయ్యి కావాలి. అది లేదు కాబట్టి, అయిపోయిన తుపాకీని విసిరేసి మరోటి అందుకోవాలి. ఈ ఒక్క మాట పట్టుకుని, దాని వల్ల వచ్చే ప్రతి చిక్కునూ తలకెత్తుకుంటూ పోయి ఒక ఆట మొత్తం కట్టారు. పైకి చూస్తే నియాన్ దీపాల మధ్య అద్దాలు పగిలే గోల. దగ్గర కూర్చుని చూస్తే ఎక్కడా పోగు తెగని నేత.

2021 సెప్టెంబరు 17న ఈ ఆట కంప్యూటర్ల మీద వచ్చింది. 2022లో కన్సోళ్లకూ చేరింది. తయారుచేసింది గ్రేలాక్ స్టూడియో, ప్రచురించింది డిజెరాటి. స్టూడియో అనగానే వందల మంది పనిచేసే అద్దాల భవనం గుర్తొస్తుంది గానీ, ఈ పేరు వెనక ప్రధానంగా ఉన్నది మాట్ లారబీ అనే ఒక్క డెవలపర్. పెద్ద పనిని తానొక్కడే నెగ్గించుకొచ్చిన మనిషిని మనం ‘ఒంటిచేత్తో లాక్కొచ్చాడు’ అంటాం. ఒంటిచేతి నాయిక ఉన్న ఆటను దాదాపు ఒంటిచేత్తో కట్టడం కాకతాళీయమే కావచ్చు. ఆట నడకలో మాత్రం ఆ పోలిక తెలుస్తూనే ఉంటుంది. తన దగ్గర ఎంతుందో తెలిసి, లేనిదాని కోసం అర్రులు చాచకుండా, ఉన్నదానికే పదును పెట్టుకున్న పని ఇది.

మళ్లీ మొలవని చెయ్యి

సైబర్‌పంక్ లోకంలో నడిచే ఆట ఇది. ఆ లోకానికి 1982లో బ్లేడ్ రన్నర్ సినిమా రూపం ఇచ్చింది, 1984లో విలియం గిబ్సన్ రాసిన న్యూరోమాన్సర్ నవల భాష ఇచ్చింది. ఆకాశాన్నంటే భవనాలు, వాటిలో ప్రభుత్వాలను మించిపోయిన కంపెనీలు, కింద వానలో తడుస్తూ రంగు దీపాల వెలుగులో బతుకు వెళ్లదీసే జనం. ఆ లోకంలో శరీరం కూడా సరుకే. కన్ను పోతే యంత్రపు కన్ను, చెయ్యి పోతే ఉక్కు చెయ్యి. 2011 నాటి ఆట డియస్ ఎక్స్: హ్యూమన్ రెవల్యూషన్‌లో ఆడం జెన్సెన్‌కు అమర్చిన నల్లటి యంత్రహస్తాలు, 2020 నాటి సైబర్‌పంక్ 2077లో జానీ సిల్వర్‌హ్యాండ్ లోహపు చెయ్యి ఈ కోవలో పేరుపడ్డవి. వాటిలో పోయిన అవయవం కన్నా వచ్చిన అవయవమే గొప్పది. అందువల్ల చెయ్యి పోవడమన్నది కథలో ఒక సంగతిగా మిగిలిపోతుంది. ఆడేవాడి చేతికి ఆ లోటు తగలదు.

సెవర్డ్ స్టీల్ ఈ ఆనవాయితీని ఒప్పుకోలేదు. నాయిక పేరు స్టీల్. ఆమె ఎదుర్కొనేది ఎడెన్‌సిస్ అనే మహా కంపెనీని. ఆట కొంత సాగాక ఆమె మొండిచేతికి ఒక ఫిరంగి అమరుతుంది. ఆ ఫిరంగి గోడల్ని బద్దలుకొడుతుంది గానీ దేన్నీ పట్టుకోలేదు. దానికి వేళ్లు లేవు. మ్యాగజైను అందించలేదు, తలుపు తీయలేదు, తుపాకీకి ఊతమివ్వలేదు. ఎంత బలం వచ్చినా స్టీల్ ఆఖరి వరకూ ఒంటిచేతి మనిషే.

ఇది చిన్న నిర్ణయంలా కనిపిస్తుంది. ఈ కోవలో ఉక్కు చెయ్యి పెట్టడం అందరికీ తెలిసిన దారి, ఎవరూ తప్పు పట్టరు. అది పెట్టిన మరుక్షణం రీలోడ్ తిరిగొస్తుంది, రీలోడ్ వస్తే దాక్కోవడం తిరిగొస్తుంది, దాక్కోవడం వస్తే ఈ ఆట వంద ఆటల్లో ఒకటైపోతుంది. ఏం ఇవ్వకూడదో తెలియడంలోనే ఈ పనిమంతుడి నేర్పు మొదట కనిపిస్తుంది.

నిషిద్ధాక్షరి

అవధానంలో నిషిద్ధాక్షరి అన్న అంశం ఉంటుంది. అవధాని పద్యంలో ఒక అక్షరం పలకగానే, తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు పసిగట్టి దాన్ని నిషేధిస్తాడు. అవధాని ఆ దారి వదిలి మరో దారిన పద్యాన్ని నడిపిస్తాడు. సభలో కూర్చున్నవాళ్లు ముచ్చటపడేది పద్యం పూర్తయినందుకు మాత్రమే కాదు. అడ్డుకోకపోతే ఎన్నటికీ పుట్టని మాట, అడ్డుకున్నందువల్ల పుట్టినందుకు.

ఈ ఆటలో నిషేధించిన అక్షరం రీలోడ్. ఆ ఒక్కటి తీసేయడంతో ఏమేం పుట్టుకొచ్చాయో వరసగా చూడాలి.

మొదటిది, తూటాకు విలువ వచ్చింది. రీలోడ్ ఉన్న ఆటలో తూటాలు బావిలో నీళ్ల లాంటివి, తోడుకుంటూ పోవడమే. ఇక్కడ చేతిలో ఉన్న తుపాకీలో ఎన్నున్నాయో అన్నే. రెండోది, తుపాకీ మీద మమకారం పోయింది. మామూలు ఆటల్లో మనకు నచ్చిన ఆయుధాన్ని దాచుకుంటాం, దానికి తగ్గ తూటాలు వెతుక్కుంటాం. ఇక్కడ షాట్‌గన్ అయినా మెషిన్ గన్ అయినా కొన్ని క్షణాల చుట్టమే. మూడోది, ఖాళీ తుపాకీకి కూడా ఉపయోగం దొరికింది. విసిరితే అది ఎదుటివాడి మీద పడే ఇనుప ముద్ద. అతను తూలిన ఆ అర క్షణం మనది. నాలుగోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కొత్త తుపాకీ ఎక్కడ దొరుకుతుంది? నేల మీద పడి ఉండాలి, లేదా శత్రువు చేతిలో ఉండాలి. నేల మీద లేకపోతే ఆ శత్రువు దగ్గరికే వెళ్లి అతని చేతిలోంచి లాక్కోవాలి. తూటాలు అయిపోయినప్పుడు మిగతా ఆటల్లో వెనక్కి తగ్గుతాం. ఇందులో తూటాలు అయిపోవడమే ముందుకు దూకడానికి కారణం.

ఈ నాలుగో మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆడేవాణ్ని ముందుకు నెట్టడానికి ఆటల తయారీదార్లు ఎన్నో ఉపాయాలు పన్నుతారు. వెనక నుంచి గడియారం తరుముతుంది, పైన అంకెలు ఊరిస్తాయి, ఒకచోట ఆగితే పేలే బాంబు వచ్చి పడుతుంది. అవన్నీ బయటి నుంచి అతికించిన ఆంక్షలు. ఇక్కడ మనల్ని నెట్టేది ఆ పాత్ర దేహమే.

ఇలాంటి ఆలోచన ఇంతకుముందు లేదని కాదు. 2008లో స్వీడన్‌కు చెందిన డైస్ సంస్థ చేసిన మిర్రర్స్ ఎడ్జ్‌లో ఫెయిత్ అనే అమ్మాయి శత్రువు తుపాకీ లాక్కుని, అది ఖాళీ కాగానే పడేసేది. పరుగే ప్రాణమైన ఆట కాబట్టి అందులో తుపాకీ ఒక బరువు, వదిలించుకోవలసిన వస్తువు. 2016లో పోలండ్ నుంచి వచ్చిన సూపర్‌హాట్‌లో తుపాకీని ముఖాన విసరడం, గాల్లో ఎగిరిన ఎదుటివాడి తుపాకీని అందుకోవడం ఒక నాట్యంలా ఉండేది. సెవర్డ్ స్టీల్‌లో ఇవి రెండూ ఉన్నాయి. దీనికి సొంతమైనది ఏమిటంటే, ఆ పనులు ఎందుకు చేయాల్సి వస్తోందో చెప్పే కారణం ఒక్క మనిషి ఒంట్లో దొరకడం.

చిన్నప్పుడు మా ఊరి బస్టాండు పక్కన ఒక సైకిల్ షాపు ఉండేది. నడిపే ఆయనకు ఎడమచెయ్యి మోచేతి దాకానే ఉండేది. ఆయన పంచరు వేస్తుంటే నిలబడి చూసేవాణ్ని. చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, ట్యూబును మొండిచేతి కింద అదిమిపట్టి, సొల్యూషన్ మూతను పళ్లతో తిప్పేవారు. ఆయన పనిముట్లు డబ్బాలో ఉండేవి కావు. గోనెపట్టా మీద, తాను వాడబోయే వరసలో పరిచి ఉండేవి. పానా పని అయిపోతే పక్కకు పడేసి తర్వాతిది అందుకునేవారు. డబ్బాలో వెతకడానికి, సర్దడానికి ఇంకో చెయ్యి లేదు మరి. రెండు చేతులున్న షాపులకంటే అక్కడ పని ఆలస్యమైనట్టు నాకెప్పుడూ అనిపించలేదు. ఆ గోనెపట్టా మీది వరస నాకు ఇన్నేళ్ల తర్వాత ఈ ఆటలో కనబడింది. గదిలో చెల్లాచెదురుగా ఉన్న తుపాకులను స్టీల్ కంటితో చూడడం మొదలుపెట్టాక, అవి చెల్లాచెదురుగా ఉండడం మానేశాయి. ఇదయ్యాక అది, అదయ్యాక ఆ మూల ఉన్నది.

కూత తెగనంతసేపూ

అటు పదిమంది, ఇటు ఒక్క మనిషి. దాక్కుంటే కొత్త తూటాలు దొరకవు, బయటికొస్తే చావు తప్పదు. ఇలాంటి చిక్కుముడికి ఈ ఆట చూపిన విరుగుడు ఒకే ఒక్క సూత్రం. స్టీల్ గోడ మీద పరుగెత్తుతున్నా, నేల మీద జారుతున్నా, గాల్లోకి దూకి పల్టీ కొడుతున్నా ఆమెకు తూటా తగలదు. ఆ విన్యాసం ముగిసి కాళ్లు నేల మీద మామూలుగా ఆనిన క్షణం నుంచి తగులుతుంది.

దీన్ని కబడ్డీ తెలిసినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. కూతకు వెళ్లిన ఆటగాడు అవతలి గడిలో ఏడుగురి మధ్య ఒక్కడు. అతని అధికారం అంతా ఆ ఊపిరిలో ఉంది. కూత తెగిందా, ఔటే. స్టీల్ కూత ఆమె కదలిక. జారుడు నుంచి దూకుడులోకి, దూకుడు నుంచి గోడ పరుగులోకి, అక్కడి నుంచి మళ్లీ గాల్లోకి. ఒకదాని కొస పట్టుకుని ఇంకోదాన్ని అందుకుంటూ పోవాలి. మధ్యలో ఒక్క అడుగు మామూలుగా నడిచినా ఊపిరి పీల్చుకున్నట్టే.

తుపాకీ ఆటల్లో కాపాడేది సాధారణంగా గోడ, పెట్టె, స్తంభం. అంటే ఆగి ఉండడం క్షేమం, కదలడం ప్రమాదం. ఈ ఆట దాన్ని తలకిందులు చేసింది. అలా చేయడంలో ఒక పెద్ద ఇబ్బంది ఉంది. తూటా తగలదని తెలిస్తే ఆడేవాడికి భయం పోతుంది, భయం పోతే ఆట చప్పబడుతుంది. ఆ ఇబ్బందిని దాటించేది విన్యాసాల నిడివి. ఏదీ ఎక్కువసేపు సాగదు. జారుడు కొంత దూరం పోయి ఆగిపోతుంది. దూకితే కింద పడాల్సిందే. గోడ ఎక్కడో ఒకచోట అయిపోతుంది. క్షేమం చిన్న చిన్న ముక్కలుగా చేతికందుతుంది. వాటిని కలిపి కుట్టుకోవడమే మన పని. కుట్టు కుదిరినంతసేపూ గర్వంగా ఉంటుంది, కుదరనిచోట ప్రాణం పోతుంది. పోతే ఎవర్నీ నిందించబుద్ధి కాదు. తెగిన చోటు మనకే తెలుసు.

నెమ్మదించిన కాలం

దీనికి జోడీగా స్లో మోషన్ ఉంది. మీట నొక్కితే కాలం నెమ్మదిస్తుంది. ఆ శక్తి వాడుకునే కొద్దీ తరిగిపోతుంది, శత్రువులు కూలే కొద్దీ తిరిగి నిండుతుంది. దీని వంశవృక్షం పెద్దదే. 2001లో ఫిన్లండ్‌కు చెందిన రెమెడీ సంస్థ చేసిన మాక్స్ పేన్ దీన్ని ఆటల్లో ఇంటింటి మాట చేసింది. అది హాంకాంగ్ దర్శకుడు జాన్ వూ సినిమాల తుపాకీ పోరాటాల నుంచి నేర్చుకున్న విద్య. 2005లో మోనోలిత్ సంస్థ చేసిన ఫియర్ దాన్ని ఇంకా దగ్గరగా, ఉత్తమపురుష దృష్టిలోకి తెచ్చింది.

మన తెలుగు ప్రేక్షకులకు స్లో మోషన్ కొత్త కాదు. కథానాయకుడు కారు దిగితే కాలం నెమ్మదిస్తుంది, కండువా సర్దుకుంటే నెమ్మదిస్తుంది. అక్కడ అది ఠీవిని తీరిగ్గా చూపించడానికి. సెవర్డ్ స్టీల్‌లోనూ అందం ఉంది. చెదిరిన అద్దం పెంకులు గాల్లో వేలాడడం, వాటి మధ్య నుంచి దారులు గీస్తూ తూటాలు పోవడం చూడముచ్చటే. కానీ దాని అసలు పని ఆలోచించుకోవడానికి వ్యవధి ఇవ్వడం. గాల్లో ఉన్నాను, తూటాలు రెండే ఉన్నాయి, కుడివైపు ఒకడు, ఎడమవైపు ఇద్దరు, దిగబోయే చోట తుపాకీ లేదు. ఏం చేయాలి? ఈ ప్రశ్నను మామూలు వేగంలో ఎవరూ పరిష్కరించలేరు. కాలం నెమ్మదిస్తే చదరంగం బల్ల ముందు కూర్చున్నట్టు ఉంటుంది. తేడా అల్లా, బల్లతో పాటు మనమూ పడిపోతూ ఉంటాం.

ఇక్కడ కూడా లెక్క కుదిరిన తీరు చూడండి. కాలాన్ని నెమ్మదింపజేసే శక్తి శత్రువులను కూల్చితే వస్తుంది. కూల్చడానికి తూటాలు కావాలి. తూటాలకు తుపాకీ కావాలి. తుపాకీ శత్రువు దగ్గరుంది. శత్రువు దగ్గరికి ప్రాణంతో చేరాలంటే విన్యాసం కావాలి. విన్యాసం మధ్యలో దారి చూసుకోవడానికి కాలం నెమ్మదించాలి. ఒకదానికొకటి అందిస్తూ గుండ్రంగా తిరిగే ఈ గొలుసులో ఏ ఒక్క లంకె తీసేసినా మొత్తం ఆగిపోతుంది. వ్యర్థంగా వేలాడే నియమం ఒక్కటీ లేదు.

నిలవని గోడలు

ఇక గోడల సంగతి. ఇందులో గోడలు, నేల, కిటికీలు, స్తంభాలు అన్నీ బద్దలవుతాయి. తూటాలకు చెక్కలు లేస్తాయి, ఫిరంగికి పెద్ద కంత పడుతుంది. ఇది ముందే తయారుచేసి పెట్టిన దృశ్యం కాదు. ఎక్కడ కొడితే అక్కడే, కొట్టినంత మేరకే విరుగుతుంది.

దీని వెనక వోక్సెల్ అనే పద్ధతి ఉంది. మామూలుగా ఆటల్లో గోడ అంటే పైన రంగు పూసిన పలకల డొల్ల. లోపల ఏమీ ఉండదు, ఎందుకంటే లోపలికి ఎవరూ చూడరు. వోక్సెల్ పద్ధతిలో గోడను చిన్న చిన్న ఘనాలు పేర్చి కడతారు. ఇసుకతో కట్టినదానికీ కాగితంతో మడిచినదానికీ ఉన్నంత తేడా. ఒక మూల కొన్ని ఘనాలు ఊడితే వాటి వెనక ఇంకొన్ని కనిపిస్తాయి. కాబట్టి పగలడం నిజంగా పగలడమే అవుతుంది. ఆ స్వేచ్ఛకు ఖరీదు కూడా ఎక్కువే. ప్రతి ముక్కనూ లెక్కపెట్టాలి. శత్రువులకు నిన్నటి దారి లేదు, కొత్త దారి పుట్టింది అని ఎప్పటికప్పుడు తెలియాలి. పైగా లెవెల్ కట్టినవారికి తాము కట్టింది ఆడేవాడి చేతిలో ఏ రూపం తీసుకుంటుందో తెలియదు. తలుపు పెట్టినచోట ఎవరూ తలుపు వాడకపోవచ్చు.

అయినా ఈ విధ్వంసం కేవలం వేడుక కోసం పెట్టినట్టు నాకు అనిపించలేదు. ముందు చెప్పుకున్న సూత్రాలతో దీన్ని కలిపి చూస్తేనే దాని అవసరం బోధపడుతుంది. ఆడేవాడు దాక్కోకూడదు అన్నది ఆట మూలసూత్రం. ‘దాక్కోవద్దు’ అని తెర మీద రాయొచ్చు. లేదా దాక్కున్న గోడనే కరిగించేయొచ్చు. ఈ ఆట రెండోది చేసింది. శత్రువులు కాలుస్తుంటే మన వెనకున్న చాటు చూస్తుండగానే చిరిగిపోతుంది. అదే న్యాయం వాళ్లకూ వర్తిస్తుంది. చాటున నక్కినవాడి మీదికి ఫిరంగి పేలిస్తే అతనికీ మనకూ మధ్య ఇక గోడ లేదు. కాళ్ల కింద నేలలో కంత చేసి కింది అంతస్తులోకి దిగిపోవచ్చు. అదే సమయంలో, పరుగెత్తడానికి పనికొచ్చే గోడను మనమే పాడుచేసుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. కూల్చడమూ ఒక ఖర్చే. అది లెక్కలో ఉండాలి.

కొన్ని క్షణాలు, దగ్గర నుంచి

ఇదంతా ఒక్కచోట ఎలా పనిచేస్తుందో చూపకుండా వదిలేస్తే ఈ పరిచయం అసంపూర్తి. నేను పదే పదే ఆడిన ఒక గదిని తీసుకుంటాను. పొడవాటి ఆఫీసు గది, మధ్యలో అద్దాల అడ్డుగోడ, అవతల నలుగురు సాయుధులు.

నా చేతిలో పిస్తోలు, అందులో మూడు తూటాలు. పరుగెత్తి నేల మీదికి జారుతాను. కాలం నెమ్మదిస్తుంది. అద్దం మీద మొదటి తూటా సాలెగూడు గీస్తుంది, రెండోది అవతలివాణ్ని కూలుస్తుంది. అద్దం విరిగి పడుతుండగా దాని కిందుగా నా జారుడు సాగుతోంది. మూడో తూటా గురి తప్పింది. పిస్తోలు ఇక ఇనుప ముక్క. దాన్ని రెండోవాడి మీదికి విసురుతాను. అతను తూలుతాడు. జారుడు ఆగిపోయేలోపు లేచి దూకాలి. ఎడమవైపు గోడ, దాని మీద నాలుగు అడుగుల పరుగు. నేను ఒక్క క్షణం ముందున్న చోట గోడ పెచ్చులుగా రాలుతోంది. గోడ చివర నుంచి తూలినవాడి మీదికి దూకి అతని చేతిలోంచి షాట్‌గన్ లాక్కుంటాను. ఒక పేలుడు అతనికి. మూడోవాడు స్తంభం చాటున ఉన్నాడు. మొండిచేతి ఫిరంగి లేస్తుంది, స్తంభం నడుము ఎగిరిపోతుంది, దాంతో పాటే అతనూ. నాలుగోవాడు ఇంకా నా వైపు తిరుగుతూనే ఉన్నాడు. నా కాళ్లు నేలకు ఆనబోతున్నాయి.

ఆనితే తూటా తగులుతుంది. అందుకని ఆనకముందే మళ్లీ జారుతాను, షాట్‌గన్‌లో మిగిలినదాన్ని అతని మోకాళ్ల ఎత్తు నుంచి పేలుస్తాను.

కాలం మామూలు వేగంలోకి వస్తుంది. పట్టుమని పది క్షణాలు కూడా కాలేదు. ఆ కాసేపట్లో రెండు తుపాకులు చేతులు మారాయి, ఒక అడ్డుగోడ, ఒక స్తంభం, ఒక గోడలో సగం పోయాయి. నేను ఒక్కసారైనా ఆగలేదు, ఆగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఒంటిచెయ్యి లోటుగా అనిపించిన క్షణం ఒక్కటీ లేదు. ఇదే పని రెండు చేతులున్న పాత్రతో చేయించి ఉంటే నేను ఆ స్తంభం వెనకే కూర్చుని ఆర్ నొక్కి ఉండేవాణ్ని.

మాటలూ చప్పుళ్లూ

ఈ హడావుడిలో చెవి చేసే పని చాలా ఉంది. శత్రువులు ఒకరితో ఒకరు అరుచుకుంటారు. ఫియర్ ఆటలో ఈ విద్య బాగా పండింది. సైనికులు తాము చేయబోయేదాన్ని బయటికి చెప్పుకోవడం వల్లే వాళ్లు తెలివిగలవాళ్లన్న భావన ఆడేవాడికి గట్టిగా కలిగేది. సెవర్డ్ స్టీల్ ఆ పాఠాన్ని శ్రద్ధగా చదివింది. కన్ను ముందున్నవాడి మీద ఉన్నప్పుడు వెనకున్నవాడి సంగతి చెవికి అందుతుంది. ఆ గొంతుల్లో మరొకటి కూడా వినిపిస్తుంది. ఇంతమంది ఉండి ఒక్క మనిషికి భయపడుతున్నారన్న సంగతి.

ఎలక్ట్రానిక్ సంగీతం అడుగున గుండె చప్పుడులా నడుస్తుంది. కథ మాటలతో సాగదు, మధ్యమధ్య వచ్చే బొమ్మలతో సాగుతుంది. స్టీల్ ఉపన్యాసం ఇవ్వదు, తన చెయ్యి గురించి వాపోదు. ఆ మౌనం నాకు గౌరవంగా తోచింది. అంగవైకల్యం ఉన్న పాత్రను చూపిన చోటల్లా జాలి పుట్టించడమో, అద్భుతమని చప్పట్లు కొట్టించడమో చేస్తుంటారు. ఈ ఆట ఆ రెండూ చేయదు. ఆమె శరీరం ఎలా ఉందో ఆట నియమాలు అలా ఉన్నాయి, అంతే. ఆ శరీరానికి తగ్గట్టు లోకాన్ని అమర్చడమే ఇక్కడి మర్యాద.

కొరతలు లేవని అనను. కథ పలచన. ఎడెన్‌సిస్ ఏమిటి, దాని లోపల ఏముంది, ఆ నగరంలో మామూలు మనుషులు ఎలా బతుకుతారు అన్నవాటికి ఆట సమాధానం వెతకదు. గిబ్సన్ నవలల్లో దొరికే వీధి వాసన ఇందులో ఆశిస్తే నిరాశే. ప్రధాన కథ రెండు మూడు గంటల్లో అయిపోతుంది. తర్వాత ఫైర్‌ఫైట్ అనే విభాగంలో కొత్త మెలికలతో ఆడుకోవచ్చు, లెవెల్ ఎడిటర్‌తో మన గదులు మనమే కట్టుకోవచ్చు. అయితే ఆ చిన్న నిడివిని నేను కొరతల జాబితాలో వేయలేను. తన దగ్గరున్న ఒక్క ఆలోచనను పూర్తిగా చెప్పి, చెప్పడం అయిపోగానే ఆపిన ఆట ఇది. సాగదీస్తే ఆ బిగి ఉండేది కాదు.

తిరిగి ఆర్ మీటకు

ఒక ఆట పనితనాన్ని కొలవడానికి నా దగ్గర పెద్ద తూనికరాళ్లేమీ లేవు. అది నా చేతికి ఏం నేర్పిందో చూసుకుంటాను. సెవర్డ్ స్టీల్ ముగించిన మర్నాడు పాత అలవాటు కొద్దీ మళ్లీ ఒక మామూలు తుపాకీ ఆట తెరిచాను. నెట్ సెంటర్ రోజుల నుంచీ ఆడుతున్న కోవే. ఎదురుగా ముగ్గురు, తుపాకీలో తూటాలు అయిపోయాయి. పక్కనే మంచి గోడ ఉంది.

నేను గోడ వైపు చూడలేదు. దగ్గరలో ఉన్న శత్రువు చేతుల వైపు చూశాను, అతను ఏ తుపాకీ పట్టుకున్నాడా అని.

అది ఆ ఆటలో పనికిరాని చూపు. లాక్కోవడానికి వీల్లేదు, విసరడానికి వీల్లేదు. ఏళ్ల తరబడి వేలి కొసన పాతుకుపోయిన అలవాటును రెండు మూడు గంటల్లో పెకలించి, దాని స్థానంలో కొత్త చూపు నాటిన ఆ పనిమంతుడికి మనసులోనే నమస్కరించి, ఆర్ నొక్కాను. ‘టక్’ మని మ్యాగజైన్ దిగింది. ఆ పనికి రెండు చేతులు కావాలన్న సంగతి, అన్నేళ్లుగా ఆ మీట నొక్కుతూ వచ్చిన నాకు, ఆ రోజే మొదటిసారి కంటపడింది.